పచ్చ బూడిద

ఏప్రిల్ 21, ఆదివారం

కొత్త డైరీ. పాతదాన్లో సగం పేజీలు ఫార్ములాలే. ఇందులో మనుషుల్ని రాయాలని ఉంది.

ఈరోజు బాండుంగ్ నుంచి విడానింగ్సిహ్ మేడమ్ వచ్చారు. కాలేజీలో మాకు కెమిస్ట్రీ చెప్పే మేడమ్. నాలుగు నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల్ని అద్దె వ్యానులో ఎక్కించి, తను దాని వెనకాలే స్కూటర్ మీద కొండ దారంతా వచ్చారు. దిగగానే మంచినీళ్ళయినా అడగలేదు. వాగెక్కడ అన్నారు.

చూపించాను. సిగ్గేసింది. తోళ్ళు పదును చేసే వీధి మాది. ప్రతి షెడ్డులోనూ పెద్ద చెక్క పీపాలు తిరుగుతుంటాయి, వాటిలో తోళ్ళూ, క్రోమియం ఉప్పూ. పని అయ్యాక ఆ నీళ్ళు తిన్నగా వాగులోకే. నెమలి మెడ రంగు. చిన్నప్పుడు ఆ రంగు మీద కాగితం పడవలు వదిలేవాళ్ళం. మా గారుత్ జిల్లా మొత్తంలో ఇంత అందమైన వాగు లేదనుకునేదాన్ని.

బయటివాళ్ళు మా వీధిలోకి రాగానే ముక్కు మూసుకుంటారు. మేడమ్ మూసుకోలేదు. ఒంగి, ఒక సీసాలో నీళ్ళు పట్టి, వెలుగుకి ఎత్తి చూసి, ఇది మురికి కాదమ్మా ఎంతిన్, ఇది పారబోసుకుంటున్న సొత్తు అన్నారు.

డ్రమ్ములు ఒజాక్ మామయ్య షెడ్డులో పెట్టాం. మామయ్య అంటే అమ్మ తమ్ముడు. షెడ్డు నీళ్ళని బొగ్గుతో వడగట్టే ఈ ప్రాజెక్టు అయ్యేదాకా నేనుండేది వీళ్ళింట్లోనే. చోటిమ్మని నెల రోజులు బతిమాలాను. చివరికి ఇచిహ్ అత్త కసిరింది. ఇస్తావా లేదా, దీని గొడవ వినలేక అన్నం మాడుతోంది అని. అప్పుడిచ్చాడు.

ఏప్రిల్ 24

బొగ్గు కాల్చాం. బజార్లో కొబ్బరి కోరేవాళ్ళ దగ్గర చిప్పలు అడిగి తెచ్చి, ఎండబెట్టి, ఇనప పీపాలో బిగించి, గాలి చొరబడకుండా మూత చుట్టూ బంకమట్టి మెత్తాం. గాలి తగిలితే బూడిద. తగలకపోతే బొగ్గు. ఆ రెంటికీ మధ్య ఉన్నది కాస్త మట్టి.

తర్వాత దంచడం, జల్లించడం, ఆమ్లంలో నానబెట్టడం, కడగడం, మళ్ళీ కాల్చడం. అప్పుడు దాని ఒంట్లో కంటికి కనపడని గదులు తెరుచుకుంటాయి. చిటికెడు బొగ్గులోని గదుల గోడలన్నీ విప్పి పరిస్తే రెండు బ్యాడ్మింటన్ కోర్టులు నిండుతాయట. అత్తతో చెప్పాను. మరి నీ గదెందుకే ఎప్పుడూ ఇరుకు అంది.

ఏప్రిల్ 25

తుమ్మితే నల్లగా వస్తోంది.

మే 4, శనివారం

మొదటి నీళ్ళు వదిలాం!

మొదటి డ్రమ్ములోకి నెమలి మెడ. రెండోదాంట్లోంచి లేత ఆకు రంగు. మూడోదాంట్లోంచి ఏదో జ్ఞాపకంలా ఒక ఛాయ. నాలుగో డ్రమ్ము కుళాయి తిప్పితే నీళ్ళు. ఉత్త నీళ్ళు. నేను గంతులేశాను. మామయ్య వేళ్ళు ముంచి చూసుకున్నాడు. పీపాలు తిప్పే కుర్రాళ్ళు కూడా పని ఆపి వచ్చారు.

మేడమ్ మాత్రం నవ్వలేదు. మీటర్లో రీడింగ్ చూసి, మరీ ఇంత బాగుందంటే తప్పు మనదే అయ్యుంటుంది, పారబోసి మళ్ళీ పట్టు అన్నారు. మూడుసార్లు పట్టించారు. మూడోసారి కూడా అంతే వచ్చాక గట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి, ఇప్పుడు టీ తాగుతాను అన్నారు. ఎంత గొప్ప మనిషి! నేనైతే మొదటి రీడింగ్‌తోనే ఊరంతా తిరిగొచ్చేదాన్ని.

ఈరోజు నేర్చుకున్న మాట: అధిశోషణం. శోషణం కాదు. స్పంజి నీళ్ళని తాగుతుంది, అది శోషణం. బొగ్గు తాగదు. లోహాన్ని తన గోడలకి అంటించుకుని నిలబెడుతుంది, అది అధిశోషణం. ఈ మాట పడుకునేదాకా అంటూనే ఉన్నాను. నోట్లో బెల్లం ముక్కలా ఉంది.

నీళ్ళు శుభ్రమైపోయాయి అన్నానని మేడమ్ చీవాట్లు పెట్టారు. నీళ్ళలోంచి తీశామమ్మా, లోకంలోంచి తీయలేదు, ఇప్పుడది బొగ్గులో ఉంది, ఇకనుంచి నువ్వు కాపలా కాయాల్సింది బొగ్గుకి అన్నారు.

మే 11

టీ కొట్టు దగ్గర మామయ్యని బొగ్గుల డాక్టరు గారూ అంటున్నారు. మా వాగుకి జ్వరమొచ్చింది, ఏదైనా మందు రాయండి అని ఒకడు. పుల్లకి గుచ్చి సాతే మాంసం కాల్చే బొగ్గుతో నీళ్ళు కడుగుతాడట, రేపు మాంసం నీళ్ళతో కాలుస్తాడు అని ఇంకొకడు. మామయ్య నవ్వేసి టీ సగంలో వదిలి వచ్చేశాడు. ఇంటికొచ్చాక మాత్రం పిల్లిని తిట్టాడు.

అందరికంటే పెద్ద షెడ్డు హాజీ ఎంగ్కోస్ గారిది. యజమానుల సంఘానికి ఆయనే పెద్ద. ఆయన ఎగతాళి చేయరు. అంతకంటే కష్టం, వింటారు. ఈరోజు వచ్చి డ్రమ్ముల చుట్టూ రెండుసార్లు తిరిగి, బక్రీదు తర్వాత సంఘం కూర్చుంటుంది, అప్పుడు చూద్దాం అని వెళ్ళిపోయారు.

ఆ మీటింగే అంతా. ఒక్క మామయ్య షెడ్డు నీళ్ళు తేటపడితే వాగుకి ఒరిగేదేం లేదు. వీధంతా పెట్టుకోవాలి. హాజీ గారు సరే అంటే వీధి సరే అంటుంది. ఆయన కాదంటే డ్రమ్ములు వ్యానెక్కుతాయి. దిగువన వరిచేలు ఉన్నాయి, బావులు ఉన్నాయి. మా అమ్మమ్మ ఆ బావి నీళ్ళు తాగే పోయింది. దేనివల్ల పోయిందో ఎవరూ అడగలేదు.

మే 19, ఆదివారం

మొదటి డ్రమ్ములో బొగ్గు లోహంతో నిండిపోయింది. ఇక పట్టలేదు. తీసి, కొత్తది పోశాం. పాతదాన్ని బరువు తూచడానికి ఎండబెట్టి, గోనె సంచుల్లో కట్టి, షెడ్డు చూరు కింద పేర్చాను. ప్రమాదకరమైన చెత్త తీసుకెళ్ళే లారీ నగరం నుంచి వచ్చి పట్టుకెళుతుంది.

గుర్తుగా ఏదైనా రాయి అని మేడమ్ ఫోన్లో చెప్పారు. ఎర్ర పెయింటు తెచ్చి, ప్రతి సంచి మీదా కుదురుగా, గుండ్రంగా రాశాను. వినియుక్త అధిశోషకం. అంటే వాడేసిన, లోహాన్ని పట్టేసిన బొగ్గు. దూరంగా నిలబడి చదువుకుంటే ఎంత బాగుందో.

జూన్ 2

రెండో డ్రమ్ము బొగ్గు కూడా తీశాం. మొత్తం మూడు సంచులయ్యాయి. రిజల్ట్స్ నిలకడగా ఉన్నాయి. మేడమ్ ఈసారి టీతోపాటు బిస్కెట్ కూడా తిన్నారు.

జూన్ 12

లారీ రాదట. పండగ సెలవులు, తర్వాతి వారం పంపిస్తారట. మేడమ్ ఫోన్లో వాళ్ళతో మర్యాదగా పోట్లాడారు. మర్యాదగా పోట్లాడటం కూడా నేర్చుకోవాలి.

జూన్ 16

వీధి నిండా పొట్టేళ్ళు. మసీదులోంచి దేవుణ్ణి కీర్తించే తక్బీర్ వినిపిస్తోంది. అత్త ఆడవాళ్ళందరినీ కూడేసి కొబ్బరాకుల పొట్లాలు అల్లించి, వాటిలో కేతుపాట్ అన్నం వండిస్తోంది. మసీదు ఆవరణలో రేపు సాతే కాల్చే పని మా వైపు ఇళ్ళవాళ్ళదే. నన్ను వెదురు పుల్లలు చెక్కమన్నారు. వేలు తెగింది.

జూన్ 17, సోమవారం, పొద్దున్న

కొత్త బట్టలు. నమాజుకి వెళ్తున్నాం.

జూన్ 17, సాయంత్రం

వరసగా రాస్తాను.

నమాజు అయ్యాక పొట్టేళ్ళ కుర్బానీ మొదలైంది. నేను బట్టలు మార్చుకుందామని ఇంటికొచ్చాను. షెడ్డు పక్కనుంచి నడుస్తుంటే చూరు కింద ఖాళీగా కనిపించింది. మూడు సంచులూ లేవు. లారీ వచ్చిందేమో అనుకుని ఒక్క క్షణం సంతోషించాను కూడా. పండగరోజు లారీ ఏమిటి?

పక్కింటి ముసలామె అరుగు మీద కూర్చుని ఉంది. సంచులేవి బామ్మా అన్నాను. మీ అత్త మసీదుకి పంపించిందిగా, మంచి కొబ్బరి బొగ్గు, మీ ఇంటి తరఫున దానం, మీ అత్త చెయ్యి పెద్దదే అంది.

పరిగెత్తాను. చెప్పులెక్కడ వదిలానో తెలీదు.

ఆవరణలో రేకు తొట్లు వరసగా పెట్టారు. రెండు తొట్లు రాజుకున్నాయి. మగవాళ్ళు విసనకర్రలు ఊపుతున్నారు, పొగలో అందరూ నవ్వుతూ దగ్గుతున్నారు. మొదటి పళ్ళెం అప్పుడే కాలింది. పద్ధతి ప్రకారం పెద్దాయన ముందు రుచి చూడాలి. హాజీ గారి చేతిలో రెండు ఖాళీ పుల్లలున్నాయి. పళ్ళేన్ని పిల్లల వరస వైపు తిప్పుతున్నారు.

ఇంకోటి జరుగుతోంది అక్కడ. జనం మొదటి తొట్టి చుట్టూ మూగి ఉన్నారు. బూడిద పచ్చగా ఉంది. తెల్లగా కాదు, బూడిదరంగు కాదు. లేత అరటాకు పచ్చ. మసీదులో, పండగ రోజున, పచ్చ రంగు! ఎవరో అల్లాహు అక్బర్ అన్నారు. ఒక ముసలమ్మ చిటికెడు తీసి రుమాలులో కట్టుకుంటోంది. హాజీ గారు అరటాకు ముక్క మీద కాస్త ఎత్తి, ఈ ఏడాది మనమీద దేవుడి దయ ఉంది అంటున్నారు. ఆయన కళ్ళు మెరుస్తున్నాయి. ఆయన నవ్వడం చూడటం అదే మొదటిసారి.

నాకు తెలుసు ఆ పచ్చ ఏమిటో. బొగ్గంతా కాలిపోయాక మిగిలింది క్రోమియం. నేనెంతో మురిపెంగా నీళ్ళలోంచి తీయించింది.

చెప్తే ఏమవుతుందో కూడా తెలుసు. మామయ్య పేరు పోతుంది. ఫిల్టరు అంటే విషం అన్న ముద్ర పడిపోతుంది. మీటింగు ఇక జరగనే జరగదు. అదీకాక, అంతమంది సంతోషాన్ని నేను నా నోటితో చంపాలి.

ఒక పిల్ల చెయ్యి చాచి పుల్ల అందుకోబోతోంది.

ఆగండి అని అరిచాను. అందరూ తిరిగారు. అది వినియుక్త అధిశోషకం, తినకండి అన్నాను. ఎవరికీ అర్థం కాలేదు. ఒకడు నవ్వాడు. పిల్ల పుల్ల తీసుకుంది. నేను మళ్ళీ అదే మాట అన్నాను. అత్త వచ్చి నా భుజాలు పట్టి ఊపింది. మామూలుగా చెప్పవే అమ్మాయ్, మామూలుగా!

విషం అత్తా అన్నాను. తోళ్ళ నీళ్ళలో విషం. మన వాగులోది. ఆ బొగ్గుకి పట్టి ఉంది.

అత్త ఒక్క ప్రశ్న వేయలేదు. పిల్ల చేతిలోంచి పుల్ల లాగేసింది. మసీదు అరుగు పనికని పోసిన ఇసుక పక్కనే ఉంది. తట్టెత్తి మొదటి తొట్టి మీద బోర్లించింది. తర్వాత రెండోదాని మీద. కొత్త బట్టల మీద మసి, నిప్పురవ్వలు. కాలుతున్న మాంసం, పొద్దుటినుంచీ పడ్డ చాకిరీ, అంతా ఇసుక కింద. ఆ పళ్ళెం ఎవరూ ముట్టొద్దు, చేతులు కడుక్కోండి, రుమాలు ఇటివ్వు పిన్నీ అని ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళింది. మనుషులు కదిలారు. అప్పుడు అందరి ముందూ నిలబడి, తెచ్చింది నేనే, మంచి బొగ్గనుకున్నా, మీద రాసింది కంపెనీ పేరనుకున్నా, తప్పు నాది అంది.

కాదు, ఆ పేరు రాసింది నేను అన్నాను. ఎవరికీ తెలియని మాట రాశాను, తప్పు నాది.

మామయ్య ముందుకొచ్చి, షెడ్డు నాది, కాబట్టి తప్పు నాది, మీరిద్దరూ నోరు మూసుకోండి అన్నాడు.

మేడమ్‌కి ఫోన్ చేశాను. తాసిక్‌మలాయలో వాళ్ళమ్మ దగ్గర ఉన్నారు. పండగ భోజనం మధ్యలో లేచి స్కూటరెక్కారు. మధ్యాహ్నానికల్లా వచ్చేశారు. హాజీ గారు అప్పటిదాకా క్లినిక్కి వెళ్ళనని మొండికేశారు. కనిపెట్టినావిడే చెప్పాలి నాకేమవుతుందో అని.

మేడమ్ ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు పుల్లల మాంసంతో ఏమీ కాదనే అనుకుంటున్నాను హాజీ గారూ, కానీ నా అనుకోవడాన్ని నమ్మి మిమ్మల్ని ఇంటికి పంపను, లేవండి అన్నారు. బొగ్గుని తాళం లేని చోట ఉంచింది నేనే, తప్పు నాది అని కూడా అన్నారు. ఆయన్ని స్కూటర్ వెనక ఎక్కించుకుని వెళ్ళారు. మా హాజీ గారు ఒక ఆడమనిషి స్కూటర్ వెనక, టోపీ చేత్తో పట్టుకుని! ఇంకో రోజయితే వీధంతా నవ్వేది.

ఇసుకా, బూడిదా, రుమాలూ అన్నీ ఇనప పీపాలోకి ఎత్తి మూతేశాం. మూడో సంచి ఇంకా విప్పలేదు. అత్త దానిమీద కూర్చుంది. చీకటిపడే దాకా లేవలేదు.

జూన్ 18

క్లినిక్ వాళ్ళు హాజీ గారికి ఏమీ లేదన్నారట. మళ్ళీ వారం చూస్తారట. పొద్దున్న మేడమ్ చెప్పారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన స్కూటర్ వెనకనుంచి, గాలికి సరిగా వినపడలేదేమోనని రెండుసార్లు అడిగారట. రెండు పుల్లలకే నన్ను డాక్టరు దగ్గరికి తెచ్చావమ్మా. మరి బావి నీళ్ళో?

మేడమ్ స్కూటర్ ఆపేశారట. దారి పక్కన నిలబెట్టుకుని, తెలిసింది తెలిసినట్టు, తెలియనిది తెలియనట్టు చెప్పారట.

జూన్ 19

మిగిలిన సంచి మీద నా మాట గీకేసి రాశాను. విషం. ముట్టుకోవద్దు. అక్షరాలు వంకరగా వచ్చాయి. దిద్దలేదు.

జూన్ 25

లారీ వచ్చింది, పీపా, సంచీ ఎక్కాయి. మామయ్య టీ కొట్టుకి వెళ్ళడం మానేశాడు. మేడమ్ అప్పుడప్పుడు వచ్చి గంటసేపుండి పోతున్నారు, డ్రమ్ములు విప్పమనలేదు, విప్పొద్దనీ అనలేదు. పండగ తోళ్ళు వీధిలోకి కుప్పలుగా వచ్చి పడుతున్నాయి. వాగు మునుపెప్పుడూ లేనంత పచ్చగా ఉంది. ఇప్పుడు జనం దాన్ని చూస్తున్నారు. వంతెన మీద ఆగి చూస్తున్నారు. ఇదివరకు ఆగేవారు కాదు.

జూలై 6, శనివారం

మీటింగు. ఆడవాళ్ళం గుమ్మం దగ్గర నిలబడ్డాం. మేడమ్‌కి మాత్రం లోపల కుర్చీ వేశారు.

ముందు అందరూ అరిచారు. పండగ పాడైంది, మసీదు పరువు పోయింది, ఈ బొగ్గు వ్యవహారం ఇవాళే ఆఖరు అని ఒకాయన బల్ల గుద్దాడు. మామయ్య తల దించుకుని, డ్రమ్ములు తీసేస్తాను, నావల్లే అన్నాడు. గుమ్మంలోంచి అత్త, ఆయనవల్ల కాదు, నావల్ల అంది. మేడమ్ లేచి, ఇద్దరివల్లా కాదు అనబోయారు.

హాజీ గారు చెయ్యెత్తారు. తర్వాత మెల్లిగా అన్నారు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

నా షెడ్డు మా నాన్న పెట్టింది. ఆయన రోజులనుంచీ వాగు ఇలాగే ఉంది. ఇన్నేళ్ళలో వాగు పాడు చేసింది నేనే అన్న మగాడు ఈ గదిలో ఒక్కడు లేడు, నాతో సహా. మూడు సంచుల బొగ్గు కోసం నలుగురు మనుషులు తప్పు నాదంటే నాదని కొట్టుకుంటున్నారు. నేను ఆ నలుగురి పక్కన కూర్చుంటాను.

అని నిజంగానే లేచి, కుర్చీ చేత్తో ఎత్తుకుని, వచ్చి మామయ్య పక్కన వేసుకున్నారు.

తర్వాత ఎవరో దగ్గారు. నిజమేలే, ఆ బూడిద నేనూ చూశా, రెండు తొట్లలోనే అంతుంటే వాగులో ఎంతుందో అన్నారు. బల్ల గుద్దినాయనే.

ఒప్పుకున్నారు. ప్రతి షెడ్డుకీ డ్రమ్ములు, ముందు హాజీ గారి షెడ్డుకి. కానీ ఒక షరతు. వాడిన బొగ్గుకి ఇటుకలతో గది కట్టాలి, ఇనప తలుపు, ఒకటే తాళం, ఒకటే చెవి. ఎవరి దగ్గరుండాలి అన్నారు. నా వైపు చూస్తారనుకున్నాను. ఎవరూ చూడలేదు. అందరూ గుమ్మం వైపు, అత్త వైపు చూశారు.

నా దగ్గరెందుకయ్యా, నేనేగా ఇచ్చింది అంది అత్త.

అందుకే అన్నారు హాజీ గారు.

తిరిగొచ్చేటప్పుడు మేడమ్ వంతెన దగ్గర ఆగి, వాగులోకి దిగి సీసాలో నీళ్ళు పట్టి, వెలుగుకి ఎత్తి చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. పొగ అన్నారు. పొగ లేదు.

ఆగస్టు 10

బొగ్గు శాంపిల్ కోసం కొత్త గదికి వెళ్ళాను. తాళంచెవి అత్త మెడలో ఉంది. తలుపుకి అడ్డంగా నిలబడింది. ఏం పని? ఎంతసేపు? గ్లవ్స్ ఏవి? నేనే అత్తా అన్నాను. నువ్వయితే ఏంటి అంది.

తలుపు తియ్యలేదు. గ్లవ్స్ కోసం వెళ్ళాను.